ఇనుమును కొలిచి కోసే పని



పదవ తరగతి ఫలితాలు వచ్చిన నెలలో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "మా అబ్బాయికి మార్కులు అంతంత మాత్రమే వచ్చినవి. ఇంటరులో చేర్చమంటారా, పాలిటెక్నిక్ రాయించమంటారా, లేకపోతే..." అని అక్కడ ఆగిపోతారు. ఆ "లేకపోతే" తరువాత ఉన్న మాట రాయడానికి చెయ్యి రాదు. ఆ మాట ఐటిఐ. ఈ నెల దాని గురించే, అందులోను లేత్, మిల్లింగ్ యంత్రాల మీద పనిచేసే మెషినిస్టు చదువు గురించే రాయదలచాను.

చెయ్యి ఎందుకు రాదో తెలియనిది కాదు. మన సంఘములలో చాలా కుటుంబాలకు చేతిపని అంటే తరతరాల అవమానము జ్ఞాపకం వస్తుంది. తోలు పని చేసినా, పొలం దున్నినా, రాయి కొట్టినా పనికి కూలి దక్కిందేమో గాని మనిషికి గౌరవం దక్కలేదు. మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకొని బయటపడిన తండ్రి, తన కొడుకు మళ్లీ చేతులకు మసి పూసుకుంటాడంటే ఒప్పుకోడు. ఆ బాధను చులకన చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే కూలికి కొట్టే సమ్మెట వేరు, మిల్లీమీటరులో నూరో వంతు కొలిచి కోసే యంత్రము వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి, బిడ్డకు ఇష్టం లేని ఇంజనీరింగు కోసం ఉన్న అరెకరం అమ్ముకొని, నాలుగేళ్ల తరువాత పట్టా పట్టుకొని అరుగు మీద కూర్చున్న కొడుకు కోసం ప్రార్థన మనవులు పంపే తల్లులు మన మధ్య ఉన్నారు. వారిని తలచుకొనే ఈ మాటలు రాస్తున్నాను.

సమూయేలు మొదటి గ్రంథము 13వ అధ్యాయము చివరి భాగం ఒకసారి తీసి చదవండి. సౌలు కాలమున ఇశ్రాయేలు దేశమంతటిలో ఒక్క కమ్మరి లేడు. ఫిలిష్తీయులు ఉండనివ్వలేదు. నాగటి నక్కు పదును పెట్టించుకోవాలన్నా, గొడ్డలి సాన పట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే దిగిపోవాలి. యుద్ధము వచ్చిన నాడు సౌలుకు, యోనాతానుకు తప్ప జనులలో ఎవరి చేతిలోను కత్తి గాని ఈటె గాని లేదు. జనుల చేతిలో నుండి పనితనము జారిపోతే ఏమవుతుందో దీనికంటె సూటిగా చెప్పిన భాగం నాకు కనబడలేదు. బెసలేలు గురించి ప్రసంగాలు చాలా వింటాము. నిర్గమకాండము 31లో దేవుని ఆత్మతో నింపబడినవాడని చెప్పబడిన ఆ మనిషి లోహము, రాయి, కర్ర చెక్కే పనివాడు. ఆదివారము ఆయనను పొగిడి, సోమవారము పిల్లవాడి దరఖాస్తు నింపేటప్పుడు మరచిపోతాము.

సరే, అసలు మెషినిస్టు చేసే పని ఏమిటి? మన ఊరి కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చి, మెత్తబడినప్పుడు కొట్టి వంచుతాడు. మెషినిస్టు చల్లని ఇనుమునే యంత్రానికి బిగించి, దానికంటె గట్టిదైన పనిముట్టుతో పొరలు పొరలుగా కోస్తాడు. లేత్ మీద ఇనుప కమ్మీ తిరుగుతుంది, పనిముట్టు నిలకడగా ఉండి దానిని చెక్కుతుంది. మిల్లింగ్ యంత్రంలో కోసే చక్రం తిరుగుతుంది, ఇనుము బల్ల మీద బిగించి ఉంటుంది. గ్రైండింగ్ యంత్రంలో సానరాయి చక్రం చివరి నునుపు తెస్తుంది. మీ పొలంలో బోరు మోటారు షాఫ్టు అరిగితే మండల కేంద్రంలో లేత్ వర్క్స్ అని బోర్డు ఉన్న కొట్టుకు తీసుకుపోతారే, అక్కడ జరిగేది ఈ పనే. ట్రాక్టరు గేరు, వరికోత యంత్రం ఇరుసు, బస్సు బ్రేకు డ్రమ్ము, ఆసుపత్రిలో ఎముకకు వేసే స్టీలు రాడ్డు, అన్నీ ఎవరో ఒకరు ఇలా కొలిచి కోసినవే.

ఈ పనికి ప్రాణం కొలత. తల వెంట్రుక మందం మామూలుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు నుండి పదో వంతు లోపు ఉంటుంది. ఐటిఐ కుర్రవాడు వాడే మైక్రోమీటరు నూరో వంతును చూపిస్తుంది. ఇది గొప్ప కోసం చెప్పుకునేది కాదు. షాఫ్టు రెండు మూడు నూరో వంతులు లావుగా ఉంటే బేరింగు బిగిసి వేడెక్కి కాలిపోతుంది. అంతే సన్నగా ఉంటే బేరింగు లోపలి చుట్టు జారుతూ షాఫ్టునే తినేస్తుంది. మోటారు ఆగిపోయి మడి ఎండిన రైతుకు ఆ తేడా కంటికి కనబడదు గాని, ఆ తేడా వల్లనే అతని పంట పోతుంది.

జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం కథ బడిలో అందరం చదివినదే. చదవని ముక్క ఒకటి ఉంది. ఆయన 1769లోనే పేటెంటు తీసుకున్నా ఏళ్ల తరబడి ఆ యంత్రం సరిగా నడవలేదు. సిలిండరు లోపల గుండ్రంగా లేక ఆవిరి సందులలో నుండి పోయేది. జాన్ విల్కిన్సన్ అనే ఇనుప పనివాడు ఫిరంగి గొట్టాలను తొలవడానికి 1774లో ఒక పద్ధతి కనిపెట్టి, ఆ తరహాలోనే వాట్ సిలిండరును తొలిచి ఇచ్చాడు. 50 అంగుళాల వెడల్పు సిలిండరులో తేడా పాత షిల్లింగు నాణెం మందమైనా లేదని వాట్ భాగస్వామి బోల్టన్ మెచ్చుకున్నాడు. 1776లో యంత్రాలు నడిచాయి. తెలివి వాట్‌ది, నడిపించినది మెషినిస్టు చెయ్యి. హెన్రీ మాడ్‌స్లే అనే మరొకడు పన్నెండేళ్లకే ఆయుధాగారంలో తూటాలలో మందు కూరే పనికి కుదిరిన పిల్లవాడు. అతడే పెద్దవాడై మరలు కోసే లేత్‌ను తీర్చిదిద్దాడు. తన బల్ల మీద ఉంచుకొన్న మైక్రోమీటరుకు ఆ దేశపు ప్రధాన న్యాయాధికారి బిరుదు, లార్డ్ ఛాన్సలర్ అని పేరు పెట్టాడు. కొలత మీద తగవు వస్తే చివరి తీర్పు దానిదే గనుక!

"లెక్కలు రావు, ఐటిఐలో వేసేద్దాం" అనే మాట తరచు వింటాము. అది తిరగబడిన ఆలోచన. ఒక చిన్న ఉదాహరణ చూడండి. మెత్తని ఉక్కును హైస్పీడ్ స్టీలు పనిముట్టుతో కోయడానికి నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగం తగినది. కమ్మీ అడ్డుకొలత 50 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 157. ముప్పై వేలను 157తో భాగిస్తే 191. అంటే లేత్ నిమిషానికి దాదాపు 190 చుట్లు తిరగాలి. కమ్మీ 25 మిల్లీమీటర్లదైతే చుట్లు రెట్టింపు కావాలి. ఈ లెక్క చేయకుండా తోచిన వేగం పెట్టినవాడు పనిముట్టు కాల్చుకుంటాడు. అలాగే మిల్లింగ్ యంత్రం మీద 24 పళ్ల గేరు కోయాలి. విభజించే పరికరం పిడి 40 చుట్లు తిప్పితే ఇనుము ఒక చుట్టు తిరుగుతుంది. నలభైని ఇరవై నాలుగుతో భాగిస్తే ఒకటి, మూడింట రెండు వంతులు. కనుక పంటి పంటికి పిడిని ఒక పూర్తి చుట్టు తిప్పి, 18 రంధ్రాల వరుసలో ఇంకో 12 రంధ్రాలు జరపాలి. భిన్నాలు ఎందుకు నేర్చుకోవాలి అని బడిలో అడిగిన కుర్రవాడికి ఇక్కడ జవాబు దొరుకుతుంది. పుస్తకంలో తలకెక్కని లెక్క యంత్రం దగ్గర ఎక్కే పిల్లలు ఉంటారు. పూర్తిగా లెక్కలంటే విసుగు ఉన్నవాడిని మాత్రం ఇందులోకి తోయకండి.

మన దేశంలో ఐటిఐ చదువుకు ఆధారమైన చేతిపనుల శిక్షణ పథకము 1950లో మొదలైంది. మెషినిస్టు, టర్నర్, ఫిట్టర్ మూడూ రెండేళ్ల కోర్సులే. టర్నర్ ముఖ్యంగా లేత్ మీద, ఫిట్టర్ భాగాలను సరిచేసి కూర్చడం మీద, మెషినిస్టు మిల్లింగు, లేత్, గ్రైండింగు వంటి పలు యంత్రాల మీద నేర్చుకుంటారు. మెషినిస్టుకు లెక్కలు, సైన్సుతో పదవ తరగతి పాసై, కనీసం 14 ఏళ్లు నిండి ఉండాలి. మొదటి నెలలలో యంత్రం ముట్టనివ్వరు. ఆకురాయి చేతికిచ్చి ఇనుప ముక్కను చదునుగా రుద్దమంటారు. సౌలు కాలపు జనులకు ఆకురాళ్లు మాత్రం మిగిలి ఉండినవని మన బైబిలులో ఉన్నది ఈ పనిముట్టే. చేతులు బొబ్బలెక్కి చాలామంది మానుకోవాలనుకునేది అప్పుడే. ఇంటికి వచ్చి "అక్కడ చదువేమీ చెప్పడం లేదమ్మా, ఇనుము రుద్దిస్తున్నారు" అంటాడు. ఆ మాట నమ్మి మాన్పించవద్దు. చదును అంటే ఏమిటో చేతికి తెలియనివాడికి యంత్రము ఎన్ని లక్షలదైనా చెప్పలేదు.

ఇప్పుడు పెద్ద కర్మాగారాలలో కంప్యూటరు నడిపే సిఎన్‌సి యంత్రాలు వచ్చినవి. ఆ తరహా యంత్రాన్ని మొదట అమెరికాలో 1952లో చూపించారు. యంత్రానికి ఆజ్ఞలు జి, ఎం అక్షరాలతో, అంకెలతో రాస్తారు. పనిముట్టు ఏ గీత వెంట కోయాలో జి01 చెబుతుంది, ఎం03 అంటే కుదురు తిరగాలి, ఎం05 అంటే ఆగాలి. ఇంగ్లీషు మీడియం చదవలేదని జంకవలసినంత ఇంగ్లీషు ఇందులో లేదు. జంకవలసినది ఒక్క చుక్కకు. కొన్ని యంత్రాలలో 50 అని రాసి దశాంశపు చుక్క పెట్టకపోతే, 50 మిల్లీమీటర్లను అది మిల్లీమీటరులో వెయ్యింట యాభై వంతులుగా తీసుకొంటుంది. చుక్క మరచినవాడి పనిముట్టు ఎక్కడికి పోయి గుద్దుకొంటుందో చెప్పలేము. ఒత్తు మారితే మాట మారినట్టే.

తల్లిదండ్రులారా, అన్నిటికంటె జాగ్రత్తగా చదవవలసినది ఇక్కడ. చేర్చే ముందు ఐటిఐకి స్వయంగా వెళ్లి యంత్రశాల చూపించమని అడగండి. లేత్ కింద ఇనుప రజను, నూనె మరకలు ఉన్నాయా? గోడకు పనిముట్లు వేలాడుతున్నాయా? యంత్రం మీద దుమ్ము పేరుకొని, తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియకపోతే అక్కడ కాగితం దొరుకుతుంది గాని పని దొరకదు. "రానక్కరలేదు, పరీక్ష మేము చూసుకుంటాము" అని చెప్పే చోట్లు కూడా ఉన్నాయి. ఆ మాట విన్న వెంటనే లేచి రండి. అలాంటి ధ్రువపత్రం పట్టుకొని పనికి పోయిన పిల్లవాడిని మొదటి రోజే మైక్రోమీటరు చదవమంటారు. ఆ సిగ్గు వాడికి ఎందుకు? ప్రభుత్వ ఐటిఐలలో ఫీజు చాలా తక్కువ గనుక ముందు అక్కడ ప్రయత్నించండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటిఐలను టాటా టెక్నాలజీస్ సంస్థతో కలిసి కొత్త యంత్రాలతో తీర్చే పని 2024లో మొదలు పెట్టారు. మీ జిల్లాలోనిది వాటిలో ఉందేమో అడగండి.

ఐటిఐ పాసైనంత మాత్రాన మెషినిస్టు కాడు. తరువాతి మెట్టు అప్రెంటిసు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము కింద కర్మాగారాలు శిక్షణ ఇస్తూ స్టైపెండు చెల్లించాలి. 2019లో సవరించిన నియమాలలో ఐటిఐ ధ్రువపత్రం ఉన్నవారికి అది నెలకు కనీసం 7,000 రూపాయలు. చేరే నాటికి ఎంత ఉందో కనుక్కొని సంతకం పెట్టండి. లాలాగూడ, గుంటుపల్లి, తిరుపతిలో రైల్వే కర్మాగారాలు ఉన్నాయి. రైల్వే అప్రెంటిసులను పదవ తరగతి, ఐటిఐ మార్కుల సగటును బట్టి తీసుకొంటారు. కాబట్టి పదిలో మార్కులు తక్కువ వచ్చినవాడు ఐటిఐలో బాగా తెచ్చుకుంటే ఆ లోటు కొంత పూడుతుంది. విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డుకు సొంత అప్రెంటిసు పాఠశాల ఉంది, దానికి పరీక్ష రాయాలి. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్య సమితి సాయంతో నెలకొల్పిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది. పదవ తరగతి తరువాత ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల టూల్, డై, మౌల్డు డిప్లొమాలో చేరవచ్చు. కాస్త మంచి మార్కులు వచ్చిన పిల్లలు దానిని విడిచిపెట్టవద్దు. ఐటిఐ అయిన తరువాత కూడా ప్రవేశ పరీక్ష ద్వారా పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలోకి, అక్కడ నుండి ఇంజనీరింగు రెండవ సంవత్సరంలోకి పోయే దారి ఉంది. దూరం ఎక్కువే గాని, ఆ దారిన వచ్చిన ఇంజనీరుకు యంత్రం భాష ముందే వచ్చి ఉంటుంది.

ఇంత చెప్పి కష్టాన్ని దాచడం న్యాయం కాదు. చిన్న కార్ఖానాలలో మొదటి జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ. కాంట్రాక్టరు చేతి కింద పెట్టి ఏళ్లు గడిపించేవారున్నారు. మొదటి రెండు మూడేళ్లు ఒకే భాగాన్ని రోజంతా బిగించి, తీసి, బిగించి విసుగు పుట్టించే పని ఇస్తారు. ఆ రోజులలో పక్కవాడు యంత్రాన్ని ఎలా సెట్ చేస్తున్నాడో కళ్లతో దొంగిలించినవాడు సెట్టరు అవుతాడు. మిగిలినవాడు ఆపరేటరుగానే ఉండిపోతాడు.

వేళ్ల సంగతి. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. తొడుగు అంచు ఇనుముకు చుట్టుకొంటే చేతిని లాగేస్తుంది. పొడుగు చేతుల చొక్కా, మెడలో గొలుసు, చేతికి దారం, వాచీ ఏదీ ఉండకూడదు. పెండ్లి ఉంగరం కూడా తీసి జేబులో వేసుకోవాలి. భార్యలు దీనికి నొచ్చుకోకండి. చక్కు బిగించిన తాళం దానిలోనే వదిలి మీట నొక్కితే అది తుపాకి గుండులా వస్తుంది. ఇనుప రజనును చేతితో తీయరాదు, బ్రష్షుతోనో కొక్కెంతోనో తీయాలి. కళ్లద్దాలు తప్పనిసరి. ఆడపిల్లలైతే చున్నీ తీసి, జడ ముడిచి టోపీలో పెట్టుకోవాలి. ఆడపిల్లలు ఈ పనికి పనికిరారు అనే మాట ఇప్పుడు నిలవదు. సిఎన్‌సి యంత్రానికి కావలసింది కండబలము కంటె నిదానము, ఓపిక. మిషను ఆసుపత్రులలో నర్సులుగా మన ఆడపిల్లలు చూపించినవి అవే.

నిజాయితీ గురించి ఒక మాట. లేవీయకాండము 19లో దేవుడు తూనికలు, కొలతలు న్యాయముగా ఉండాలని ఆజ్ఞాపించాడు. బజారులో తక్కెడకు చెప్పినది యంత్రశాలలో మైక్రోమీటరుకు కూడా చెల్లుతుంది. షిఫ్టు చివర లెక్క తగ్గుతుందని, కొలత తప్పిన ముక్కను మంచివాటి గంపలో వేయడానికి అర క్షణం చాలు. అది ఏ బస్సు బ్రేకులో చేరుతుందో వేసినవాడికి తెలియదు. ఇదే మాట కుల ధ్రువపత్రానికీ వర్తిస్తుంది. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారికి రెండు రాష్ట్రాలలోను బి.సి. 'సి' గుంపు కింద ధ్రువపత్రం వస్తుంది. ఆ రిజర్వేషను ఒక్క శాతమే, చాలదన్నది నిజమే. ఆ అన్యాయం గురించి అడగవలసిన చోట్ల అడుగుదాము. పిల్లవాడి మొదటి దరఖాస్తులో మాత్రం ఉన్నది ఉన్నట్లు రాయించండి. ఆదాయ పత్రము, టి.సి., ఆధార్‌తో పాటు ఇది కూడా ఫలితాలు రాకముందే తీసి ఉంచుకొంటే, ప్రవేశాల సమయంలో తహసీలుదారు కార్యాలయం చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఇక ఆదివారము. కర్మాగారాలు మూడు షిఫ్టులు నడుస్తాయి, సెలవు ఒక్కోచోట ఒక్కో వారము. బాలానగర్, జీడిమెట్ల, గాజువాక వంటి చోట్ల గదులలో నలుగురేసి ఉండే మన పిల్లలు మొదట ఒక ఆదివారము తప్పుతారు, రాత్రి షిఫ్టు నిద్రతో రెండవది తప్పుతారు, తరువాత గుడి ఎక్కడుందో కూడా మరచిపోతారు. చేరేటప్పుడే సూపర్‌వైజరును మర్యాదగా అడిగితే షిఫ్టు మార్చి ఇచ్చేవారు ఉన్నారు, క్రిస్మసు నాడు ఇతరుల పని తాను తీసుకొంటానని, ఆదివారము ఉదయం తనకు విడిచిపెట్టమని ఒప్పించుకొన్నవారూ ఉన్నారు. అక్కడి సంఘములలో సాయంకాల ఆరాధన ఉంటుంది. పౌలు ఫీబేను రోమా సంఘమునకు అప్పగిస్తూ రాసినట్లు, అయ్యగారి చేత ఆ ఊరి కాపరికి ఒక పరిచయ పత్రము రాయించి, పిల్లవాడు బస్సు ఎక్కే ముందే పెట్టెలో ధ్రువపత్రాల పక్కన పెట్టండి.